డార్బీషైర్‌లో ఒక వేసవి రోజు: చాట్స్‌వర్తా, హాడనా, క్రామ్‌ఫర్డా?

జూన్ వచ్చిందంటే ఇంగ్లండ్ నడిమధ్య ఉండే తెలుగు ఇళ్ళలో ఒకటే ప్రశ్న. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వచ్చి ఉంటారు. జులై చివర్లో పిల్లలకు ఆరు వారాల సెలవులు మొదలవుతాయి. లండన్ చూపించడం అయిపోయింది. ఇక దగ్గర్లో ఎక్కడికి? డార్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్, షెఫీల్డ్‌లలో ఎవర్నడిగినా "చాట్స్‌వర్త్‌కి తీసుకెళ్ళండి" అంటారు. డార్బీషైర్‌లో ఉన్న డ్యూకుల పాత భవనం, తోట అది. మంచి సలహానే. కానీ వచ్చేవాళ్ళెవరు, ఎంత నడవగలరు, దేనికి ఆగి చూస్తారు అన్నది చూసుకోకుండా వెళితే, నలుగురి టికెట్లకు బాగానే ఖర్చవుతుంది, ఇంటికొచ్చాక గుర్తుండేది మాత్రం కారు పార్కింగే.

ఎక్కడికి వెళ్ళినా ముందు ఒక లెక్క పెట్టుకోండి. జూన్, జులైల్లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. పెద్ద భవనాలు మాత్రం సాయంత్రం అయిదుకల్లా మూసేస్తారు. చివరి ప్రవేశం అంతకంటే ముందే అయిపోతుంది. కాబట్టి టికెట్ కొని చూసేది పొద్దున, టికెట్ అక్కర్లేని ఊరూ ఏరూ కొండదారీ సాయంత్రం. ఒక రోజుకి ఒక్క భవనం చాలు. రెండోదానిలో అడుగుపెట్టేసరికి ఏ డ్యూకు ఎవరి మనవడో ఎవరికీ పట్టదు.

చాట్స్‌వర్త్: ఇల్లు కాదు, తోట

డెవన్‌షైర్ డ్యూకులైన కావెండిష్ కుటుంబానిది చాట్స్‌వర్త్. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్, ఆమె రెండో భర్త విలియం కావెండిష్ కలిసి ఈ భూమి కొన్నారు. ఇప్పుడు మనం చూసే భవనం 1687 తర్వాత మొదటి డ్యూకు కట్టించడం మొదలుపెట్టినది. లోపల బొమ్మలు గీసిన పైకప్పులు, పాలరాతి శిల్పాలు, పుస్తకాల గదులు... అన్నీ గొప్పవే. కాకపోతే వేసవి శనివారం ఒక గది నుంచి ఇంకో గదికి జనం వెనకాలే కదలాలి. రాజస్థాన్ కోటలో మైసూరు ప్యాలెసో చూసొచ్చిన పెద్దవాళ్ళకు మూడో గది దాటాక ఉత్సాహం తగ్గిపోతుంది.

అందుకే నా సలహా, తోటకు మాత్రమే టికెట్ తీసుకోండి. నూట అయిదు ఎకరాల తోట అది. జోసెఫ్ ప్యాక్స్‌టన్ అనే తోటమాలి ఇక్కడ పనిచేస్తూ చేసినవాటికి ఒక పూట చాలదు. రష్యా జార్, అంటే ఎంపరర్ (చక్రవర్తి), నికొలస్ వస్తున్నాడని 1844లో ఎంపరర్ ఫౌంటెన్ కట్టించారు. దానికోసం కొండమీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వారు, రాత్రిళ్ళు దివిటీల వెలుగులో కూడా పని నడిచింది. పంపు అంటూ లేదు. పైనుంచి పల్లానికి వచ్చే నీటి బలంతోనే జల్లు తొంభై మీటర్ల దాకా లేచేది. తీరా జార్ ఈ ఊరికి రానేలేదు. పేరు మాత్రం ఆయనదే ఉండిపోయింది.

మనవాళ్ళకు చెప్పాల్సిన కథ ఇంకోటుంది. 1830లలో ప్యాక్స్‌టన్ ఇక్కడి అద్దాల ఇంట్లో మారిషస్ నుంచి వచ్చిన ఒక పొట్టి అరటిని పెంచి కాయించాడు. యజమాని ఇంటిపేరునే దానికి పెట్టారు. ఈ రోజు ప్రపంచ మార్కెట్లో తిరిగే పండు చాలావరకు ఆ కావెండిష్ జాతిదే. అనంతపురం, కడప రైతులు టిష్యూ కల్చర్ మొక్కలు తెచ్చి వేసే జి9 కూడా ఆ జాతిలో ఒక రకం. అరటి తోట ఉన్న మామగారికి ఈ సంగతి చెప్పి చూడండి, మిగతా తోటంతా ఆయనే మిమ్మల్ని తిప్పుతారు. ఇదే ప్యాక్స్‌టన్ ఒక పూలచెట్టు కోసం జాన్ గిబ్సన్ అనే కుర్ర తోటమాలిని కలకత్తాకు ఓడెక్కించాడు. చెట్టు పేరు ఆమ్‌హర్‌స్టియా.

తోటలో మెట్లమీదుగా నీళ్ళు జారే కాస్కేడ్ అని ఇంకోటుంది, మూడు వందల ఏళ్ళ నాటిది. మరమ్మతుల వల్ల కొన్నాళ్ళుగా అది ఆగిపోయి ఉంది. దానికోసమే వెళ్ళేవాళ్ళు నీళ్ళు వదులుతున్నారో లేదో ముందు చూసుకోండి. చిన్నపిల్లలుంటే పక్కనే పశువుల కొట్టం, ఆడుకునే చోటు ఉన్నాయి. దానికి టికెట్ వేరు. పాలు పితకడం చూపిస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మనవలకు అది వింత, తాతగారికి నవ్వు.

ఇక అసలు రహస్యం. తోట చుట్టూ ఉన్న పార్కులో నడవడానికి డబ్బు కట్టక్కర్లేదు. డెర్వెంట్ ఏటి ఒడ్డున, గొర్రెల మధ్యనుంచి, భవనం ఎదురుగా కనిపిస్తూ దారి ఉంటుంది. కారు పార్కింగ్ ఒక్కటే ఖర్చు. పులిహోర డబ్బా, దుప్పటి పట్టుకెళితే సాయంత్రం దాకా కూర్చోవచ్చు. పార్కుకు ఆవలి పక్క ఈడెన్సర్ అనే ఊరుంది. ఆరో డ్యూకు పాత ఊరిని చాలావరకు తీయించి, ఏ రెండిళ్ళూ ఒకేలా లేకుండా కట్టించాడు. అక్కడి చర్చి ఆవరణలో ప్యాక్స్‌టన్ సమాధి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు కాథ్లీన్‌ది కూడా అక్కడే. ఆమె ఈ ఇంటి కోడలు.

హాడన్, హార్డ్‌విక్: పాత ఇల్లే కావాలంటే

ఇల్లు లోపల చూడాల్సిందే అనుకుంటే మాత్రం చాట్స్‌వర్త్ వదిలి బేక్‌వెల్ దగ్గరి హాడన్ హాల్‌కి వెళ్ళండి. దీనికి అందం తెచ్చింది నిర్లక్ష్యం. యజమానులైన రట్లండ్ డ్యూకుల కుటుంబం 1700 ప్రాంతంలో వేరే చోటికి వెళ్ళిపోయి, రెండు వందల ఏళ్ళు దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఫ్యాషన్ మారినప్పుడల్లా ఏదో ఒకటి పడగొట్టి ఏదో ఒకటి కట్టేవారు. 1920లలో తొమ్మిదో డ్యూకు వచ్చి జాగ్రత్తగా బాగుచేయించాడు. దాంతో మధ్యయుగపు ఇల్లు దాదాపు అలాగే మిగిలింది.

ఇక్కడ వంటగది దగ్గర ఆగండి. మాంసం కొట్టీ కొట్టీ మధ్యలో గుంటపడిన చెక్కబల్లలు, ఉప్పులో ఊరబెట్టే తొట్లు ఉంటాయి. భోజనశాల చెక్క తెరకు ఇనుప సంకెల ఒకటి వేలాడుతుంది. విందులో తనవంతు తాగనివాడి చెయ్యి అందులో బిగించి, చొక్కా చేతిలోంచి చన్నీళ్ళు పోసేవారట. ప్రార్థనాగదిలో గోడమీద పదిహేనో శతాబ్దపు బొమ్మలున్నాయి. పొడుగాటి గ్యాలరీలో కిటికీ అద్దాల పలకలు కొంచెం కొంచెం వేరే కోణంలో ఉబ్బి ఉంటాయి, ఎండ పడితే గది నిండా వెలుగు ముక్కలవుతుంది. డొరొతీ వెర్నన్ అనే అమ్మాయి జాన్ మానర్స్‌తో ఇక్కణ్ణుంచే లేచిపోయిందని కథ చెబుతారు. లేచిపోవడం ఎంత నిజమో గానీ పెళ్ళి మాత్రం జరిగింది. ఇల్లు మానర్స్ వంశానికి వెళ్ళింది అలాగే.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు హాడన్ సుఖం కాదు. పార్కింగ్ నుంచి పెద్ద రోడ్డు దాటాలి, పైకి ఎక్కాలి, లోపల గచ్చు ఎగుడుదిగుడు. పిల్లబండి తోసుకుంటూ వెళ్ళడం అనవసర శ్రమ.

చెస్టర్‌ఫీల్డ్ వైపు, ఎం1 మోటార్‌వేకి దగ్గరగా ఉండే హార్డ్‌విక్ హాల్‌ది వేరే స్వభావం. చాట్స్‌వర్త్ కొన్న బెస్సే దీన్నీ కట్టించింది, 1590 నుంచి 1597 దాకా. పూర్తయ్యేసరికి ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి. అప్పటికి నలుగురు భర్తలూ పోయారు, ఒక్కొక్కరి దగ్గర్నుంచీ ఆస్తి పెరుగుతూ వచ్చింది. గాజు ఖరీదైన కాలంలో గోడకంటే కిటికీలే ఎక్కువగా పెట్టించి, మిద్దెమీది గోపురాల మీద తన పేరు మొదటి అక్షరాలను రాతిలో నిలబెట్టింది. మొహమాటం తెలిసిన మనిషి కాదు! లోపల గోడలనిండా వేలాడే బొమ్మల నేత తెరలు చూడండి. బైబిల్లోని గిడియన్ కథ నేసిన పదమూడు తెరలు ఆమె 1592లో పాతవే కొంది. వాటిమీద పాత యజమాని వంశ చిహ్నాలున్నాయి, వాటిని మార్చుకోవాలి కదా అని బేరమాడి అయిదు పౌన్లు తగ్గించుకుంది. ఆ పదమూడింటినీ శుభ్రంచేసి బాగుచేయడానికి ఈ కాలంలో దీన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు 24 ఏళ్ళు పట్టింది, 2023లో ముగిసింది. నేతా కుట్టుపనీ తెలిసిన అత్తగారు వస్తుంటే హాడన్ కంటే ఇదే. కాకపోతే గొప్ప గదులన్నీ పై అంతస్తులో, పొడుగాటి రాతిమెట్ల చివర.

కెడిల్‌స్టన్: అందరికీ కాదు

డార్బీ ఊరికి ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది కెడిల్‌స్టన్ హాల్. రాబర్ట్ ఆడమ్ అనే ఆర్కిటెక్ట్ పనితనం, పాలరాయిలాంటి అలబాస్టర్ స్తంభాల పెద్ద హాలు, ఒకే అంతస్తులో ముఖ్యమైన గదులు. కానీ మనం వెళ్ళేది వాటికోసం కాదు. ఇది లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లు.

కలకత్తాలో 1803 నాటికి పూర్తయిన గవర్నర్ జనరల్ భవనాన్ని ఈ ఇంటి నమూనా చూసే కట్టారు. వందేళ్ళ తర్వాత ఈ ఇంటి కొడుకే అక్కడికి వైస్రాయిగా వెళ్ళాడు. ఆయన తూర్పుదేశాల్లో సేకరించిన వస్తువులు చాలా ఇక్కడ కింది అంతస్తులో మ్యూజియంగా ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారుకు ఆయన భార్య మేరీ కట్టుకున్న నెమలి గౌను కూడా ఈ ఇంటిదే. బంగారు జరీతో నెమలి ఈకలు కుట్టింది ఢిల్లీ పనివాళ్ళు. ఈక కన్ను ఉండేచోట మెరిసే పురుగు రెక్కల పెంకులు పొదిగారు. గౌనుగా కుట్టింది పారిస్‌లో.

పాత కట్టడాలను కాపాడమని 1904లో చట్టం తెచ్చినవాడూ, 1905లో బెంగాల్‌ను చీల్చినవాడూ ఈయనే. ఆ చీలిక వేడి మన దాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడింది ఆ చీలికకు ఎదురుగా లేచిన ఉద్యమం కోసమే. చరిత్ర చదివిన నాన్నగారు వస్తే ఒక పూట ఇక్కడికి తీసుకురండి. ఆయనకు కోపం రావచ్చు, కానీ విసుగు రాదు. పిల్లలతో మాత్రం వద్దు. లేదా బయట చెరువు చుట్టూ నడిచి ఐస్‌క్రీం తిని వచ్చేయండి.

క్రామ్‌ఫర్డ్: నేను మొదట చూపించేది

ఇన్ని భవనాల మధ్య, అతిథులను ఒక్క చోటికే తీసుకెళ్ళాలంటే నేను క్రామ్‌ఫర్డ్ అంటాను. చూడ్డానికి ఏముంది అంటే, నల్లబడ్డ రాతిగోడల పాత మిల్లు. రోడ్డువైపు కింది అంతస్తులకు కిటికీలు లేని గోడ, కోటలా ఉంటుంది. అది ఊరికే కాదు. యంత్రాలు తమ పని లాక్కుంటాయని జనం మిల్లుల మీద పడుతున్న రోజులవి. ప్రెస్టన్‌లో పుట్టి, మంగలిగా, విగ్గులు కట్టే పనివాడిగా బతుకు మొదలుపెట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో ఇక్కడ నీటి బలంతో నూలు వడికే మిల్లు పెట్టాడు. సీసం గనుల్లోంచి బయటికి వచ్చే నీరు చలికాలంలో కూడా గడ్డకట్టదు. ఈ మారుమూల లోయను అతను ఎంచుకోవడానికి అదొక కారణం. పగలూ రాత్రీ రెండు షిఫ్టులు, వాటిలో పిల్లలు కూడా. కార్మికుల కోసం 1776లో కట్టిన నార్త్ స్ట్రీట్ ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పై అంతస్తులో మగ్గాలుండేవి.

మనకు సంబంధం ఎక్కడంటే, మచిలీపట్నంలో. ఇంగ్లీషు కంపెనీ అక్కడ 1611లోనే కొట్టు తెరిచింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డల మీద ఇంగ్లండ్‌లో ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవచేసి 1700లో ఒకటి, 1721లో ఇంకోటి చట్టాలు తెప్పించారు. ఆ రెండో చట్టంతో అద్దకం నూలు బట్ట కట్టుకోవడమే నేరమైంది. సరే మనమే నేద్దాం అనుకున్నారు ఇంగ్లీషువాళ్ళు. కానీ పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారాలకు, సరిపడా గట్టి నూలు వాళ్ళకు వడకడం రాలేదు. పడుగు నారనూలు, పేక పత్తినూలు పెట్టి నేసుకునేవారు. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు రాట్నం మీద చేత్తో వడికిన నూలు పడుగుకు నిలబడేది. ఆర్క్‌రైట్ 1769లో పేటెంట్ తీసుకున్న యంత్రం సాధించింది సరిగ్గా అదే, పడుగుకు ఆగే గట్టి పత్తినూలు. 1774లో పార్లమెంటు ఇంగ్లండ్‌లో నేసిన నూలుబట్టకు దారి తెరిచింది. ఆ తర్వాత ఓడల్లో బట్ట ఎటునుంచి ఎటు వెళ్ళిందో పొందూరులోనో మంగళగిరిలోనో బంధువులున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఈ లోయ మొత్తాన్ని, పక్కనున్న మాట్‌లాక్ బాత్ నుంచి డార్బీ దాకా ఇరవైనాలుగు కిలోమీటర్ల మేర, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మిల్లు ఆవరణలో తిరగడానికి డబ్బు తీసుకోరు. లోపలి ప్రదర్శనలకు, గైడుతో చూడటానికే టికెట్. నన్నడిగితే గైడు ఖర్చు పెట్టండి, ఎందుకంటే గోడలు వాటంతటవి ఏమీ చెప్పవు. తర్వాత రోడ్డు దాటితే క్రామ్‌ఫర్డ్ కాలువ. గట్టుమీద ఎత్తుపల్లాల్లేని దారి, బాతులు, చెట్ల నీడ. మైలు పైచిలుకు నడిస్తే పాత రైలు వర్క్‌షాపు ఉన్న హై పీక్ జంక్షన్ వస్తుంది. డెబ్బై దాటినవాళ్ళు కూడా ఆగి ఆగి నడవగలిగే దారి ఇది. ఈ జిల్లాలో అలాంటివి తక్కువ.

పిల్లలే ముఖ్యమైతే

పదేళ్ళలోపు పిల్లలుంటే పై చర్చంతా పక్కనపెట్టి క్రైచ్ ట్రామ్‌వే విలేజ్‌కి వెళ్ళండి. పాత క్వారీలో నడిపే ట్రాముల మ్యూజియం. లోపలికి వెళ్ళేటప్పుడు పాతకాలపు పెన్నీ చేతిలో పెడతారు. దాన్ని కండక్టర్‌కిచ్చి టికెట్ తీసుకుని రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. కలకత్తా ట్రామెక్కిన పెద్దవాళ్ళకూ సరదానే. వాన పడినా రోజు పాడవదు.

మాట్‌లాక్ బాత్ దీనికి పోటీ అంటారు గానీ నేననను. కేబుల్ కారులో లోయ మీదుగా హైట్స్ ఆఫ్ ఏబ్రహామ్ కొండమీదికి వెళ్ళడం, అక్కడి గుహలు బాగుంటాయి, ధర మాత్రం తేలిక కాదు. కింద బజారు సముద్రం మరిచిపోయిన సముద్రతీరపు ఊరు: చేపలు, చిప్స్, ఐస్‌క్రీం, ఆదివారమైతే వరసగా నిలబెట్టిన మోటార్‌సైకిళ్ళు. టీనేజి కొడుకుంటే ఆ బైకుల కోసమే రావచ్చు.

ఖర్చు లేనివి

ఈమ్ అనే ఊరుంది. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో ప్లేగు వచ్చిందంటారు. పాదరీ విలియం మాంపెసన్, ఆయనకు ముందున్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్ళను ఒప్పించారు. రోగం చుట్టుపక్కలకు పాకకుండా ఊరు ఊరంతా హద్దు గీసుకుని లోపలే ఉండిపోయింది. బయటివాళ్ళు పొలిమేర రాయి దగ్గర తిండి పెట్టి వెళితే, రాతి గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేసేవారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతో పూడ్చింది. ఆ సమాధులు ఊరి బయట పొలంలో ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఇళ్ళముందు పలకలు చెబుతాయి. కోవిడ్ చూసినవాళ్ళం, వేరే వివరణ అవసరం పడదు. చిన్నపిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

దీనికి పూర్తిగా ఎదురు వెల్ డ్రెస్సింగ్, అంటే ఊరి బావులకూ ఊటలకూ పూల అలంకారం. చెక్క చట్రాలను నీళ్ళలో నానబెట్టి, ఉప్పు కలిపిన తడి బంకమట్టి మెత్తి, గింజలతో గీతలు పెట్టి, రేకు రేకుగా బొమ్మ నింపుతారు. కిందినుంచి పైకి ఒకదానిమీద ఒకటి వచ్చేలా పేరుస్తారు, వాన పడితే నీరు జారిపోవాలని. బతుకమ్మ పేర్చిన చేతులకు ఆ ఓపిక ఏమిటో తెలుసు. కొద్దిరోజుల్లో పూలు వాడిపోతాయి, అందుకే తేదీ చూసుకునే బయలుదేరాలి. టిస్సింగ్టన్‌లో మే నెలలో, క్రైస్తవుల అసెన్షన్ పండుగకు. యూల్‌గ్రేవ్, టైడ్స్‌వెల్‌లలో జూన్‌లో. బక్స్‌టన్‌లో జులైలో. ఈమ్‌లో ఆగస్టు చివర. అమ్మ వచ్చిన వారంలో వీటిలో ఒకటి కుదిరితే చాట్స్‌వర్త్ వాయిదా వేసినా నష్టం లేదు.

డవ్‌డేల్ ఏట్లో రాళ్ళమీద దాటే ఫోటో అందరికీ కావాలి. ఎండ ఉన్న ఆదివారం అక్కడ క్యూ ఉంటుంది. వారం మధ్యలో పొద్దున్నే అయితే వెళ్ళండి, లేకపోతే మానేయండి.

కారు లేకపోతే, కార్డు ఉంటే

డార్బీ నుంచి మాట్‌లాక్‌కి చిన్న రైలు గంటకొకటి చొప్పున నడుస్తుంది. క్రామ్‌ఫర్డ్, మాట్‌లాక్ బాత్ రెంటికీ స్టేషన్లున్నాయి, ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌లో తిరిగి ఎక్కొచ్చు. క్రైచ్‌కి వాట్‌స్టాండ్‌వెల్‌లో దిగాలి గానీ అక్కణ్ణుంచి గట్టి ఎత్తు, పెద్దవాళ్ళతో వద్దు. చాట్స్‌వర్త్, బేక్‌వెల్‌లకు షెఫీల్డ్ నుంచి బస్సులున్నాయి. తిరుగు బస్సు ఎప్పుడో చూడకుండా దిగొద్దు. హార్డ్‌విక్, కెడిల్‌స్టన్‌లకు కారు లేకుండా వెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి.

నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఉన్నవాళ్ళు తరచూ పొరబడేది ఒకటుంది. ఆ కార్డు హార్డ్‌విక్, కెడిల్‌స్టన్‌లకు, డవ్‌డేల్ పక్కనున్న ఐలమ్ పార్క్‌లో పార్కింగ్‌కు పనికొస్తుంది. చాట్స్‌వర్త్, హాడన్, క్రామ్‌ఫర్డ్, క్రైచ్‌లలో చెల్లదు, వాటి యాజమాన్యాలు వేరు. కార్డు ఉంటే అతిథులు లేని వారాల్లో హార్డ్‌విక్ చూసేయండి, అతిథులొచ్చినప్పుడు డబ్బు క్రామ్‌ఫర్డ్ గైడుకూ చాట్స్‌వర్త్ తోటకూ ఉంచుకోండి.

బేక్‌వెల్‌లో ఆగితే సోమవారం సంత ఉంటుంది. అక్కడి పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, శాకాహారులైన పెద్దవాళ్ళకు కొనేముందే చెప్పండి. జులై అయినా అందరికీ తలా ఒక స్వెటర్ కారులో పడేయండి. ఇక్కడ ఎండ కాసే రోజున కూడా ఏటి ఒడ్డున సాయంత్రం ఏడు దాటితే ఊరినుంచి వచ్చినవాళ్ళకు చలేస్తుంది.